ఉడుము తాత లెక్కపెట్టిన ఎడం

పిల్లలూ, అనగనగా ఒక అడవిలో పక్షి కూడా మీదుగా ఎగరని లోయ ఒకటి ఉండేది. దాని పేరు ఊపిరి లోయ. ఆ లోయ నడుమ నేల నిలువునా చీలి ఉండేది. ఆ చీలికలోంచి తెల్లటి ఆవిరి పైకి వచ్చేది. దానికి వేడి లేదు. వాసన లేదు. చప్పుడు అసలే లేదు. ముందు గడ్డి మొదళ్లు కనబడకుండా పోయేవి. తరువాత రాళ్లు. అంచుదాకా నిండి, కాసేపు కదలకుండా నిలబడి, మళ్లీ చీలికలోకే దిగిపోయేది. ఎవరో నేల కింద పడుకుని ఊపిరి వదులుతున్నట్టూ పీలుస్తున్నట్టూ ఉండేది.

ఆవిరి కమ్మినప్పుడు లోయలో చిక్కుకున్న జంతువు అరవదు. గింజుకోదు. మెల్లగా మోకాళ్లు వంచి పడుకుంటుంది. ఇక లేవదు. లోయ నేల మీద అలా పడుకున్న ఎముకల గూళ్లు చాలా ఉన్నాయి. ఒక్క ఎముకా చెదరలేదు. రాబందు దిగితే కదా చెదిరేది! అక్కడ ఈగ కూడా వాలేది కాదు.

మరి అలాంటి చోటికి వెళ్లడం ఎందుకు? లోయ అవతల ఉప్పు నేల ఉంది. ఎండాకాలంలో ఆ నేలను నాకకపోతే దుప్పుల కాళ్లలో సత్తువ ఉండదు. తల్లుల పొదుగులో పాలు ఉండవు. అందుకే వెళ్లేవి. కానీ ఒక కట్టుబాటు ప్రకారం వెళ్లేవి.

లోయ అంచున నల్లబండ మీద ఒక ముసలి ఉడుము కూర్చునేది. ఆవిరి దిగిపోగానే తోకతో బండ మీద టక్, టక్ అని కొట్టడం మొదలుపెట్టేది. ఒక్కో దెబ్బ ఒక్కో అంకె. మళ్లీ ఆవిరి లేచిందంటే తోక ఆగిపోయేది.

"ఆవిరికీ ఆవిరికీ మధ్య ఎడం వందకు తగ్గదు, రెండు వందలకు మించదు" అనేది ఉడుము. "లోయ దాటడానికి పసికూనకైనా ఎనభై చాలు. ఇరవై లోపల దిగినవాళ్లు దాటుతారు. ఇరవై దాటితే ఆగండి. ఒక ఎడంలో ఒకసారే దాటాలి. వెళ్లినవాళ్లు అవతలే కూర్చోండి. ఆవిరి లేచి, దిగి, నా తోక మళ్లీ ఒకటి కొట్టాకే తిరిగి రండి."

అవతల కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ఇంటికీ తమకీ మధ్య తెల్లటి గోడలా ఆవిరి నిలబడేది. దాని అంచు కాలి గిట్టలకు జానెడు దూరంలో ఆగేది. అందులోంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించేది. అయినా కూర్చునేవి. కట్టుబాటు అంటే అది.

ఆ అడవిలో చుక్కన్న అనే దుప్పి ఉండేది. పరుగులో దానికి సాటి లేదు. లోయను డెబ్బై దెబ్బల్లోనే దాటేసేది. దాని భార్య గరిక. వాళ్లకు మొలక అనే కూన. ఆ వేసవిలో గరికకు పాలు తగ్గిపోయాయి. మొలక కాళ్లు వణుకుతున్నాయి. ఇద్దరికీ ఉప్పు కావాలి.

చుక్కన్న వరుసగా మూడు రోజులు లోయ అంచున నిలబడి ఉడుము తోకను లెక్కపెట్టింది. మొదటి రోజు నూట ఎనభై దగ్గర ఆవిరి లేచింది. రెండో రోజు నూట ఎనభై. మూడో రోజు కూడా నూట ఎనభై.

"తెలిసిపోయింది!" అని చుక్కన్న మంద మధ్యకు వచ్చి చెప్పింది. "ఆవిరి నూట ఎనభైకి లేస్తుంది. మనం ఇన్నాళ్లూ అవతల ఊరికే కూర్చుంటున్నాం. వెళ్లి, నాకి, అదే ఎడంలో తిరిగి వచ్చేయొచ్చు."

పక్కనే ఉన్న తొర్రి అనే కుందేలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "బాగా పట్టావు బావా! మన ఉడుము తాతను అడిగి చూడు. పెళ్లికి ఎప్పుడొస్తావు తాతా అంటే, ఈ ఏటికీ పై ఏటికీ మధ్య అంటాడు. పెళ్లికూతురికి పిల్లలు పుట్టాక వస్తాడు."

మంద అంతా నవ్వింది. ఉడుము నవ్వలేదు.

"ఒరేయ్ చుక్కన్నా" అంది. "నువ్వు చూసింది మూడుసార్లు. నేను ముప్పై వేసవులు చూశాను. నూట నాలుక్కి లేవడం చూశాను. నూట తొంభై ఆరుకు లేవడం చూశాను. ఎప్పుడు లేస్తుందో నాకు తెలియదు. రెండు కొసలు మాత్రం తెలుసు. ఆ కొసల మధ్య ఉన్నదంతా దానిది. మనది కాదు."

"తెలియనప్పుడు తెలిసినవాణ్ణి అడ్డుకోకు తాతా" అంది చుక్కన్న.

మర్నాడు చుక్కన్న ఒక్కటే వెళ్లి అదే ఎడంలో తిరిగి వచ్చింది. వెళ్లడానికి డెబ్బై, రావడానికి ఎనభై. మంద జేజేలు పలికింది. రెండో రోజు రావడానికి ఎనభై ఎనిమిది పట్టింది. మూడో రోజు తొంభై ఆరు. నోటి నుంచి నురగ కారుతోంది.

"పరుగుకూ పరుగుకూ మధ్య కూడా ఎడం ఉండాలిరా" అంది ఉడుము. "అలుపు తీరని కాలు నిన్నటి కాలు కాదు."

"ఆవిరి రాలేదు కదా!" అంది చుక్కన్న. పిల్లలూ, ఆ మాటను గుర్తుపెట్టుకోండి. తప్పు చేసినవాడు దెబ్బ తగలకపోతే తాను ఒప్పే చేశాననుకుంటాడు.

ఆ సాయంత్రం చుక్కన్న అందరి ముందూ మాట ఇచ్చింది. "రేపు నా భార్యనూ నా కూననూ తీసుకెళ్లి అదే ఎడంలో తీసుకొస్తాను. మీరంతా చూడండి. ఎల్లుండి నుంచి మంద మొత్తం అలాగే వెళ్లాలి."

మర్నాడు పొద్దు బారెడెక్కింది. అడవిలో గాలి లేదు. చిమ్మెటలు అరవడం మానేశాయి. ఆవిరి దిగిపోయింది. ఉడుము తోక టక్కుమంది.

ముగ్గురూ లోయలోకి దిగారు. ఎముకల మధ్య నుంచి బాట ఉంది. మొలక ఒక చోట తల తిప్పింది. "అమ్మా, వాళ్లంతా ఎందుకు మనవైపే తలపెట్టి పడుకున్నారు?"

"చూడకు. నడు" అంది గరిక.

డెబ్బై తొమ్మిదో దెబ్బకు అవతలి గట్టు ఎక్కారు. మొలక ఉప్పు నేల మీద నాలుక పెట్టింది. నాలుగు నాకులు నాకిందో లేదో, చుక్కన్న తొందరపెట్టింది.

"పదండి, పదండి. ఇంకా తొంభై పైన ఉంది."

మొలక డొక్కలు ఎగసిపడుతున్నాయి. గరిక దాన్ని తన కాళ్ల మధ్యకు లాక్కుంది.

"మావా, పిల్లకు ఊపిరి అందడం లేదు. కూర్చుందాం. ఆవిరి వచ్చి పోనీ."

"అవతల మంద అంతా చూస్తోంది. మాట ఇచ్చాను."

"మాట మందకు ఇచ్చావు. ఆవిరి నీకు ఏమీ మాట ఇవ్వలేదు కదా?"

"మూడుసార్లు లెక్కపెట్టానే! మూడుసార్లు పోయి వచ్చానే! నీకు నా మాటకంటే ఆ ముసలి తోక ఎక్కువైందా?"

"అవును" అంది గరిక. గొంతు పెంచలేదు. "నువ్వు కూడా కూర్చో మావా. ఒక్క ఎడం. నీ కూన అడుగుతోంది అనుకో."

టక్, టక్ అని అవతలి నుంచి వినబడుతూనే ఉంది. తొంభై ఏడు. తొంభై ఎనిమిది. చుక్కన్న ఒకసారి మొలక వైపు చూసింది. ఒకసారి అవతలి గట్టు మీద వరుసగా నిలబడిన మంద వైపు చూసింది. ఆ ఒక్క క్షణం అది కూర్చుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"నేను వెళ్లి చూపిస్తాను. అప్పుడు మీరే సిగ్గుపడి వస్తారు" అని లోయలోకి దూకింది.

నూట నలభై. చుక్కన్న లోయ నడిమికి వచ్చింది. నాలుగు రోజుల అలుపు కాళ్లలో ఉంది. నూట నలభై ఎనిమిది.

తోక ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ముందు చెవులకు తగిలింది. తరువాతే కళ్లకు కనబడింది. గడ్డి మొదళ్లు తెల్లబడుతున్నాయి. చుక్కన్న ముందుకు నాలుగు గెంతులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి రెండు అడుగులు వేసింది. మళ్లీ ఆగింది. రెండు గట్లూ ఒకే దూరంలో ఉన్నాయి.

"మావా! ఇటు రా! ఆగకు!" అని గరిక అరిచింది.

చుక్కన్న ఆ పిలుపు విన్నది. తల ఎత్తింది. దాని ముఖంలో భయం కూడా లేదు. నిద్ర ముంచుకొచ్చినవాడిలా చూసింది. ముందు కాళ్లు మడిచింది. తరువాత వెనక కాళ్లు. తల మెల్లగా గరిక వైపు పెట్టి పడుకుంది. తెల్లదనం దాని మీదుగా సర్దుకుంది, ఎవరో దుప్పటి కప్పినట్టు.

గరిక ముందరి గిట్ట లోయ అంచు దాటింది. వెనక నుంచి మొలక "అమ్మా" అంది. గరిక గిట్ట వెనక్కి తీసుకుంది. కూన పక్కన కూర్చుంది. ఆవిరి వాళ్ల ముందు జానెడు దూరంలో ఆగింది.

"నాన్న ఎందుకు రావడం లేదు?"

"పాలు తాగు" అంది గరిక.

చాలాసేపటికి ఆవిరి దిగిపోయింది. అవతల తోక టక్కుమంది. ఆ మొదటి దెబ్బకే గరిక లేచింది. మొలకను ముందు పెట్టుకుని లోయలోకి దిగింది.

నడుమ బాట పక్కనే చుక్కన్న పడుకుని ఉంది. ఒంటి మీద చుక్కలు తడిసి మెరుస్తున్నాయి. మొలక ఆగిపోయింది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది.

"అమ్మా, నాన్న కళ్లు తెరిచే ఉన్నాడు."

"చూశాను. నడు."

"ఒక్కసారి లేపుతాను."

"ఆగకు మొలకా." గరిక తలతో కూన వెనక కాళ్లను బలంగా నెట్టింది. తను మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. భర్త పక్కనుంచి, దాని కొమ్ములు తన డొక్కను రాసుకునేంత దగ్గరగా, నడిచి వెళ్లిపోయింది. నలభై ఐదు. నలభై ఆరు.

ఎనభై ఒకటో దెబ్బకు ఇద్దరూ ఇవతలి గట్టు ఎక్కారు. అక్కడ గరిక కూలబడింది. అప్పుడు ఏడ్చింది. తొర్రి చెవులు వాల్చుకుని ఒక పొద చాటుకు పోయింది.

మొలక వెనక్కి తిరిగి లోయలోకి చూస్తూ నిలబడింది. "ఒక్కసారి లేపి ఉంటే లేచేవాడు కదమ్మా?" అని అడుగుతోంది.

వాళ్లిద్దరూ దాటి వచ్చిన ఆ ఎడంలో ఆవిరి నూట మూడుకే లేచింది.

నీతి: హద్దులు మాత్రమే తెలిసినచోట, ఆ హద్దుల మధ్య మనకు నచ్చిన అంకెను నిజం అనుకుని అడుగు వేయకూడదు. ఆగవలసిన చోట ఆగడం, ఆగకూడని చోట ఆగకపోవడం, ఈ రెండూ ధైర్యమే.