ఏడో ఉపగ్రహం

ఉపగ్రహాల కేంద్రంలో పనిచేసే మృణాళినికి వారం నుంచి తిండి సయించడం లేదు.

ఎనిమిది ఉపగ్రహాలు ఒకే కక్ష్యలో, సమాన దూరంలో, ఒకదాని వెనక ఒకటి తిరుగుతుండేవి. నడిసముద్రంలో ఆపదలో పడ్డ పడవల పిలుపు అందుకోవడం వాటి పని. ఎనిమిదోది చచ్చిపోయింది. ఆ ఖాళీ మన సముద్రం మీదికి వచ్చినప్పుడల్లా కాసేపు ఎవరి కేకా ఎవరికీ వినబడదు. తుఫానుల కాలం వచ్చేలోగా మిగిలిన ఏడింటినీ మళ్ళీ సమానంగా సర్దాలి.

ఆకాశంలో సర్దడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఉపగ్రహం ముందుకు జరగాలంటే దాన్ని కాస్త కిందికి దించాలి. కిందికొస్తే వేగం పుంజుకుంటుంది. చోటు చేరగానే మళ్ళీ పైకి తేవాలి. రెండింటికీ ఇంధనం కావాలి. ఉన్న గడువులో ఎంత దూరం జరిపితే అంత ఖర్చు. అయిపోతే పోయించుకోడానికి అక్కడ పెట్రోలు బంకు లేదు.

మృణాళిని ఒకటో నంబరును ఉన్నచోటే ఉంచి, దాన్నుంచి కొలుచుకుంటూ మిగతావాటిని కాగితం మీద వరసగా జరిపి చూసింది. ఒకటోది ఆమె చేతిమీదుగా కక్ష్యలో కుదురుకున్న మొదటి ఉపగ్రహం. రెండోది కాస్త జరిగితే చాలు. మూడోది ఇంకాస్త. చివరనున్న ఏడోది అన్నిటికన్నా దూరం పోవాలి. చూడబోతే దాని ట్యాంకే అడుగంటి ఉంది.

“ఏడోదాన్ని వదిలేసుకుందాం సార్,” అంది ఆరోజు భోజనాల దగ్గర. “చోటు చేరేసరికి దాని పని అయిపోతుంది. నా లెక్కలో ఇంక పిండడానికి చుక్క లేదు.”

గొంతులో బాధ ఉంది. దాంతోపాటు కాస్త గీర కూడా ఉంది.

ఆమెకి ఈ విద్య నేర్పిన ఖలీల్ గారు ఎదురుగా కూర్చుని పప్పు కలుపుకుంటూ విన్నారు.

ఆ గుండ్రబల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు. మృణాళినికి కుడిపక్కనున్న అతను డ్యూటీకి టైమైందంటూ లేచి వెళ్ళాడు. ఖలీల్ గారు అతని కుర్చీ తీసి గోడకి ఆనించారు.

“ఇరుకుగా ఉంది, సమానంగా సర్దుకుందాం. మృణాళినీ, నువ్వు చెప్పమ్మా.”

“మీరు కొంచెం అటు జరగండి. మీరు ఇంకొంచెం. మీరు ఇంకాస్త...” ఎడమపక్క నుంచి మొదలుపెట్టి, కూర్చున్నచోటు నుంచే అందరినీ వరసగా జరిపింది. ఆఖరున, ఖాళీకి అవతల, భూషణం గారు మిగిలారు. ఆయన కాలికి సిమెంటు కట్టు ఉంది. అందరికన్నా ఎక్కువ ఆయనే జరగాలి. కుర్చీ పట్టుకుని “అమ్మా” అని మూలుగుతూ లేవబోయారు.

ఖలీల్ గారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపారు. తర్వాత మృణాళిని కంచం తీసి ఖాళీ వైపు జరిపారు.

ఆమె అయోమయంగా కుర్చీ లాక్కుని కంచం వెనకాలే వెళ్ళింది. ఎడమవైపు వాళ్ళూ తలా కాస్త ఇటు వచ్చారు. భూషణం గారికి జానెడు జరిగితే సరిపోయింది.

“హమ్మయ్య,” అన్నారాయన, కట్టు ఉన్న కాలు చాపుకుంటూ.

మృణాళిని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“సార్... ఒకటో నంబరు...”

“దాన్ని కదపొద్దని నీకెవరు చెప్పారమ్మా?” అన్నారు ఖలీల్ గారు, తన చోటికి వెళ్ళి కూర్చుంటూ.

ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకోడానికి ఆమె చాలాసేపు ప్రయత్నించింది. ఎవరూ చెప్పలేదు.