ఉసేనమ్మ పట్టిన పథ్యం

దర్గా కాడ ఆకుమందులిచ్చే మౌలాలి తాత దగ్గర నాగూరప్పకు ఉండేది ఒకటే కడుపుమంట. ఏండ్ల తరబడి తాత వెంట కొండలెక్కి ఆకులు కోసినాడు, వేర్లు తవ్వినాడు, నూనెలు కాచినాడు. కండ్లు మూసుకొని వాసన చూసి ఇది వావిలాకు, ఇది తంగేడు వేరు అని చెప్తాడు. అయినా కీళ్ళనొప్పులని దర్గాకు వచ్చినోళ్ళను ఒక్కరినన్నా తాత వాని చేతికి ఇచ్చింది లేదు.

పైగా తాత చేసే వైద్యం వానికి అంతగా ఆనేది కాదు. తాత వచ్చినోళ్ళ మోకాళ్ళు ముందు చూడడు. రా తల్లీ, కూచో, పొద్దున ఏం తింటివి అని మొదలుపెడతాడు. వాళ్ళు జొన్నరొట్టె అంటారు, ఊరిబిండి అంటారు, ఏం లేదు తాతా అంటారు. ఆ ముచ్చట్లన్నీ తాత తలూపుకుంటా వింటాడు. ముసలాయన మర్యాదలు, పొద్దుపోక అడుగుతాడు అనుకొనేటోడు నాగూరప్ప. ఆకు నూరుకుంటా లోపల లోపల నవ్వుకొనేటోడు.

ఆ ఏడు వానాకాలంలో తాత జ్వరమొచ్చి మంచం పట్టినాడు. అప్పుడొచ్చింది ఉసేనమ్మ. దూది ఏకే ఇంటి కోడలు. మొగుడు పోయినంక ఒక్కతే, సెనక్కాయ చేండ్లల్లో కూలికి పోతాది. రెండు మోకాళ్ళూ వాచి గుమ్మడికాయలైనాయి. కలుపు తీసేకి కూచుంటే లేవలేదు, లేస్తే కూచోలేదు. కూలికి పిలిచేటోళ్ళు పిలిచేది మానుకొన్నారు.

నాగూరప్ప మోకాళ్ళు నొక్కి చూసినాడు. వావిలాకు ఉడికిచ్చి కాపడం పెట్టమన్నాడు, పట్టు వేసుకొనేకి ఆకు నూరిచ్చినాడు. ఇంక పథ్యం చెప్పినాడు. తాత చెప్పే రకం కాదు, గట్టి పథ్యం. చింతపండు వద్దు, వంకాయ వద్దు. కందిపప్పు వాతం. గుడ్డు వేడి. సెనక్కాయ పైత్యం. పెరుగు తింటే కీళ్ళల్లో నీరు పడతాది.

"మరి ఏం తినాల నాయనా?" అని అడిగింది ఉసేనమ్మ.

"గంజి. ఉప్పు లేకుండా."

ఆమె ఏం బెదరలేదు. మొగుడు పోయిన దానికి చప్పిడి తిండి ఎవరన్నా నేర్పియ్యాల్నా. సరే నాయనా అని లేచిపోయింది. ఎన్నాళ్ళు అని ఆమె అడగలేదు. వాడూ చెప్పలేదు.

తాత కోలుకొనేకి నెలలు పట్టింది, ఆ లోపల వాపు దిగిపోయింది. నాగూరప్ప పోయి చూసి వచ్చినాడు, మోకాలి చిప్పలు తేటగా కనపడుతున్నాయి. పీర్ల పండక్కి తీపి మలీద ముద్దలు తెచ్చిపెట్టినా ముట్టలేదని, నాగూరప్ప మందు చెడుతుందనిందని ఇరుగుపొరుగోళ్ళు చెప్పినారు. వాని కాళ్ళు నేల మీద నిలవలేదు. తాత ముందర కూచొని ఇదంతా చెప్పినాడు. పథ్యమంటే ఆమెను చూసి నేర్చుకోవాల తాతా, ఉన్నోళ్ళు నాలిక కట్టుకోలేక నొప్పులు పెంచుకుంటారు అన్నాడు.

తాత విన్నాడు. ఆమెను ఈడికి పిల్చుకొని రా అన్నాడు.

"నడవలేదు తాతా. రోంత నీరసంగా ఉంది."

"అయితే ఎత్తుకొని రా."

నాగూరప్ప పోయేసరికి ఉసేనమ్మ చాప మీద గోడకు ఆనుకొని ఉంది. చేండ్లల్లో బతికిన మనిషి, పెద్ద ఎముక, బరువుంటాది అని నడుముకు తువాలు బిగిచ్చుకొని, కాళ్ళు ఎడం పెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తినాడు. ఎత్తిన ఊపుకు వాడే వెనక్కి పడబోయినాడు. చేతుల్లో ఏమీ లేదు. పొట్టు చేట ఎత్తినట్టుంది.

దోవ పొడుగునా ఆమె ఎముకలు వాని చేతులకు గుచ్చుకుంటానే ఉన్నాయి. నొప్పి లేదు నాయనా, నీ చేతి చలవ అని ఆమె చెప్తానే వచ్చింది.

తాత అప్పటికే రాగిసంగటి, మునగాకేసిన పప్పు, ఉడికిన గుడ్డు ఒక గిన్నెలో పెట్టుకొని ఉన్నాడు. ముద్ద చేసి ఆమె నోటికాడ పెట్టినాడు. ఆమె మొగం తిప్పుకొనింది.

"పథ్యం చెడుతుంది తాతా."

తాత గిన్నె తీసి నాగూరప్ప చేతిలో పెట్టినాడు.

పథ్యం అయిపోయింది పెద్దమ్మా, తిను అన్నాడు వాడు. బతిమలాడినాడు. వాని కోసం నోరు తెరిచింది. రోంత లోపలికి పోయింది, తక్కింది చెంప మీదికి జారింది.

"ఆకలి కాలేదు నాయనా. అది పోయి శానా దినాలాయె," అనింది, తనదే తప్పయినట్టు.

నాగూరప్ప తాత దిక్కు చూసినాడు.

"వాపు పోగొట్టినావు గదరా," అన్నాడు తాత. "ఇప్పుడు ఆకలి తెప్పియ్."

వాడు కొండకు పరిగెత్తినాడు. తెలిసిన ఆకులన్నీ తెచ్చినాడు. నూరినాడు, కాచినాడు, పక్కన కూచొని చుక్క చుక్క పోసినాడు. ఏదీ పట్టలేదు.

ఉసేనమ్మను మోసిన నలుగురిలో వాడొకడు. ఇంత తేలికేంది అని తక్కిన ముగ్గురూ మొగాలు చూసుకొన్నారు. వాడు తలెత్తలేదు.

చలికాలం మొదలైనంక ఒకామె కుంటుకుంటా దర్గాకు వచ్చింది. ఎండలో కూచున్న తాత, వాని దగ్గరికి పో తల్లీ అని చెయ్యి చూపిచ్చినాడు. ఆమె నాగూరప్ప ముందర కూచొని మోకాలు చూపియ్యబోయింది. వాడు ఉండమని చెయ్యెత్తినాడు. నూరేది పక్కన పెట్టినాడు.

"పొద్దున ఏం తింటివమ్మా?"

మర్యాదకు అడిగినాడనుకొనింది ఆమె. "తిన్నాలే నాయనా," అనింది.

"ఏం తింటివి?" అని మళ్ళీ అడిగినాడు వాడు.