చివరి పేజీ చింపే మాస్టారు

భానుమూర్తి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఆ అలవాటంటే ఆయన శిష్యులందరికీ ఒళ్ళు మంట. రాజమండ్రిలో చిన్న చిన్న వ్యాపారాలు నడుపుకునేవాళ్ళకి ఆయన ఆదివారాల్లో మేనేజ్‌మెంటు పాఠాలు చెప్పేవారు. పాఠమంటే సూత్రాలూ నిర్వచనాలూ కావు. ఎక్కడో ఒక కంపెనీకి వచ్చిపడిన చిక్కుని అచ్చువేయించి పంచేవారు. కేస్ స్టడీ అంటారు దాన్ని. అది చదివి, ఆ మేనేజరు కుర్చీలో నువ్వుంటే ఏం చేస్తావో చెప్పాలి. అంతవరకూ బాగానే ఉంది. అసలు ఆ మేనేజరు ఏం చేశాడు, చేస్తే ఏమైంది అన్నది ఉండే చివరి పేజీని మాత్రం పంచే ముందే చింపి సంచిలో పెట్టేసుకునేవారు. భోజనం పెట్టి, తీరా పెరుగు దగ్గర విస్తరి లాగేసినట్టుండేది. ఎవరికి మాత్రం కోపం రాదు?

శిష్యుల్లో హైమ అనే అమ్మాయి ఊరుకునే రకం కాదు. వాళ్ళకి ఊళ్ళో మామిడి తాండ్ర ఆరబెట్టే కళ్ళం ఉంది. తండ్రికి మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచీ దాన్ని బాబాయి గవర్రాజు చూసుకుంటున్నాడు. ఈ వేసవి నా చేతికివ్వండి అని పోట్లాడి మరీ తీసుకుందా పిల్ల. తాండ్ర చెడితే కళ్ళం మళ్ళీ బాబాయికే, ఆ తరవాత హైమ దాని ఊసెత్తకూడదు. అదీ ఒప్పందం.

ఒక ఆదివారం లేచి నిలబడి అడిగేసింది. "మాస్టారూ, జవాబు మీ సంచిలో పెట్టుకుని మమ్మల్నెందుకండీ కొట్టుకు చావమంటారు? నాకున్నది ఒక్క వేసవే."

మాస్టారు సంచి భుజాన తగిలించుకున్నారు. "వచ్చే వారం పాఠం మీ కళ్ళంలో పెట్టుకుందామమ్మా. తాండ్ర తిని చాలా కాలమైంది" అన్నారు.

ఆ వారం అందరూ కళ్ళానికి వెళ్ళారు. తాండ్ర పని తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. చాపల మీద మామిడి రసం పలచగా పోస్తారు. ఆ పొర ఎండకి ఆరాక, మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా పొర మీద పొర వేసుకుంటూ పోవడమే. ఆరని పొర మీద వానకి అడ్డంగా బరకం పట్టా కప్పారా, ఆ ఉక్కకి కింది పొరలతో సహా పులిసిపోతుంది. కప్పకుండా వాన పడిందా, కొట్టుకుపోతుంది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే, పొద్దున పోసిన పొర ఇంకా తడిగా ఉండగానే, పడమట మబ్బు లేచింది.

గవర్రాజు పరుగున వచ్చాడు. "నిలబడతావేంటే, బరకాలు కప్పించు. నిరుడు ఇలాంటి మబ్బుకే నేను కప్పబట్టి చాపలన్నీ దక్కాయి."

శిష్యులు అలవాటైన ప్రాణాలు కదా, వెంటనే రెండు జట్లుగా చీలి వాదన మొదలెట్టారు. ఎరువుల కొట్టు నాగభూషణం అయితే చేతులెత్తించి ఓట్లు కూడా వేయించాడు. కప్పమన్నవాళ్ళే ఎక్కువ. "నిరుడు జరిగింది కళ్ళెదుట ఉందిగా, ఇంకా ఆలోచనేంటి?" అన్నాడు. మబ్బు వీళ్ళ ఓట్ల కోసం ఆగలేదు.

హైమ, గొడుగు వేసుకుని నిలబడ్డ మాస్టారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

"దీనికి చివరి పేజీ ఇంకా అచ్చవలేదమ్మా."

ఆ పిల్ల మొహం కందిపోయింది. "అయితే కాస్త పక్కకి జరగండి. మీ గొడుగు నీడ చాప మీద పడుతోంది."

గురువుగారితో ఆ మాటేమిటని నాగభూషణం నోరు తెరిచాడు గానీ, మాస్టారు అప్పటికే జరిగారు.

"నిరుడు మబ్బు ఏ వేళకి పట్టింది బాబాయ్?"

"పొద్దు వాలాక. అయితే?"

"అప్పటికి నీ పొర ఆరిపోయింది." చాప మీద వేలు పెట్టి తీసింది. రసం తీగలా సాగింది. "నాది ఇదీ. నీ మబ్బూ నా మబ్బూ ఒకటే అయితే అవనీ, చాపలు మాత్రం ఒకటి కావు. నేను కప్పను."

"కళ్ళం పోతుందే."

"పోతే నా చేతుల్లో పోతుంది. నీ నిరుటి బరకం కింద మాత్రం పోదు."

అని, పనివాళ్ళు మోసుకొచ్చిన బరకాల దొంతర మీద తనే ఎక్కి కూచుంది, ఎవరూ లాగడానికి లేకుండా.

మబ్బు వచ్చింది. కాలవ వైపు వరుస మీద నాలుగు చినుకులు గట్టిగా కొట్టి, మిగతా వాన పక్క ఊరి మీదకి పోయింది. తడిసిన వరుస ఎందుకూ పనికిరాకుండా పోయింది. మిగతావి సాయంత్రానికి ఆరాయి.

"చూశావా, కప్పి ఉంటే ఆ వరుసా దక్కేది" అన్నాడు గవర్రాజు.

"కప్పి ఉంటే అన్ని వరుసలూ పులిసేవి."

ఎవరి మాట నిజమో తేల్చేదెవరు? పోల్చి చూడ్డానికి పక్కన కప్పిన కళ్ళం ఇంకోటి లేదు కదా.

"తాండ్ర చెడింది. ఒప్పందం ఒప్పందమే."

"చెడిన వరుస నీది బాబాయ్, పట్టుకెళ్ళు. మిగతా కళ్ళం నేనివ్వను. మళ్ళీ మబ్బొస్తే ఏం చేస్తానో ఇప్పుడే చెప్పమన్నా చెప్పను. ముందు చాప ముట్టుకుని చూస్తాను."

గవర్రాజు కండువా దులిపి భుజాన వేసుకుని, గొణుక్కుంటూనే వెళ్ళి తడిసిన చాపలు చుట్టడం మొదలెట్టాడు.

అప్పుడు మాస్టారు సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీశారు. ఇన్నాళ్ళూ చింపిన చివరి పేజీలన్నీ అందులో ఉన్నాయి. నాగభూషణం గబగబా వచ్చి చెయ్యి చాచాడు. మాస్టారు అతన్ని దాటుకుని వెళ్ళి కట్టని హైమ ముందు పెట్టారు.

తడిసిన వరుసని తడిమి చూసిన ఆ పిల్ల చేతుల నిండా రసం. అందుకోలేదు. "ఇప్పుడు నాకెందుకండీ ఇవి?"

"అందుకే ఇస్తున్నానమ్మా" అన్నారు మాస్టారు.