నిప్పు కాపలాకు వచ్చిన రాబందు

అనగనగా ఏడు కోనల అడవి. పేరుకు ఏడు కోనలే గానీ, అందులో లేని జంతువు లేదు, లేని పిట్ట లేదు. అన్ని రకాలవాళ్ళు ఒకచోట ఉన్నాక మాటా మాటా రాకుండా ఉంటుందా? "మీవాళ్ళు ఈ వాగులో నీళ్ళు తాగకూడదు", "మీ జాతివాళ్ళు ఈ గుహ దగ్గరికి రాకూడదు" అని ఒకళ్ళనొకళ్ళు తరమడం ఎక్కువైపోయింది. అప్పుడు అడవి పెద్దలంతా కూర్చుని ఒక కచేరి పెట్టారు. దాని పేరు సమాన అవకాశాల కచేరి. పుట్టుక చూసి ఎవరినైనా పక్కకు తోసేస్తే వాళ్ళు అక్కడికి వెళ్ళి చెప్పుకోవచ్చు. కచేరివాళ్ళు విచారించి న్యాయం చెయ్యాలి. అంతేకాదు, అలాంటి తగవులు రాకముందే కోన కోనకూ తిరిగి అందరికీ నచ్చజెప్పాలి.

ఆ కచేరిని చూసుకునేది ఓబులమ్మ అనే అలుగు. అలుగును మీరు చూసి ఉండరు పిల్లలూ. దానికి ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులుంటాయి. చీమలూ చెదపురుగులూ తింటుంది. భయం వేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. ఓబులమ్మ మంచిది, ఓపిక గలది. కానీ ఎవరైనా గట్టిగా అరిస్తే చాలు, తన ప్రమేయం లేకుండానే ముడుచుకుపోయేది. "ఇంత పిరికిదాన్ని, నాకెందుకు అప్పగించారో ఈ పని!" అని లోలోపల బాధపడేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం కచేరి ముందు ఓ రాబందు వచ్చి వాలింది. వయసులో చిన్నది. లోపలికి రాకుండా గుమ్మం అవతలే నిలబడింది.

"లోపలికి రా అమ్మా. అక్కడే నిలబడ్డావేం?" అంది ఓబులమ్మ.

"పర్లేదక్కా, ఇక్కడి నుంచే చెప్తాను. మమ్మల్ని లోపలికి ఎవరూ పిలవరు. అందుకని అలవాటైపోయింది" అంది రాబందు.

ఓబులమ్మ మనసు చివుక్కుమంది. తనే బయటికొచ్చి దాని పక్కన కూర్చుంది. "నీ పేరేంటి? ఏమైంది?"

"నా పేరు నింగమ్మ. గుండుకొండ మీద నిప్పు కాపలాకు ఒకరు కావాలని చాటింపు వేశారు కదా. కళ్ళు బాగా కనిపించేవాళ్ళు ఎవరైనా రావచ్చన్నారు. నేను వెళ్ళాను. కాపలా పెద్ద భద్రయ్య నన్ను పైదాకా రానివ్వలేదక్కా. 'మీవాళ్ళకు చేసే పని ఉంది కదా, అది చేసుకో పో' అన్నాడు."

ఆ పని ఏమిటో మీకు తెలుసా? అడవిలో ఏ ప్రాణి చనిపోయినా ఆ కళేబరాన్ని తిని శుభ్రం చేసేది రాబందులే. వాళ్ళు ఆ పని చెయ్యకపోతే అడవంతా కుళ్ళిపోతుంది, రోగాలొస్తాయి. అయినా ఆ పని చేస్తున్నారనే అందరూ వాళ్ళను దూరం పెట్టేవాళ్ళు.

"ఆ పని నాకు తక్కువేం కాదు. మా అమ్మ చేస్తుంది, మా నాన్న చేస్తాడు. కానీ నాకు కాపలా పని చెయ్యాలని ఉంది. అడగడం తప్పా అక్కా?" అంది నింగమ్మ.

"తప్పు కాదు. పద, వెళ్దాం" అంది ఓబులమ్మ.

గుండుకొండ ఎక్కితే అడవి మొత్తం కనిపిస్తుంది. ఎండాకాలమంతా కాపలావాళ్ళు అక్కడే ఉంటారు. ఎక్కడైనా పొగ కనిపిస్తే అక్కడున్న బోలు దుంగను దబదబా బాదుతారు. ఆ చప్పుడు వినగానే జంతువులన్నీ వాగు అవతలికి పరుగెత్తాలి.

భద్రయ్య ఓ ముసలి కొండముచ్చు. చిన్నప్పుడు అడవి అంటుకుంటే వాళ్ళమ్మ ఈయన్ని వాగులోకి విసిరేసి తాను మంటల్లో ఉండిపోయింది. అప్పటి నుంచి ఆయనకు కాపలాయే ప్రాణం. చెడ్డవాడు కాదు. ఓబులమ్మను చూసి నీడలో చోటిచ్చాడు. నింగమ్మను మాత్రం చూడనట్టే ఉన్నాడు.

"భద్రయ్యన్నా, ఈ పిల్లను ఎందుకు వద్దన్నారు?" అని అడిగింది ఓబులమ్మ.

"వాసనమ్మా. పక్కన కూర్చోలేం."

"ఈ అమ్మాయి పొద్దున్నే వాగులో స్నానం చేసి వచ్చింది. నాకేం వాసన రావడం లేదే. మీకొస్తోందా?"

భద్రయ్య ముక్కు ఎగబీల్చి చూశాడు. "నాకేం లేదమ్మా. మిగతావాళ్ళు ఊరుకోరు. పని మానేసి పోతారు" అన్నాడు.

"వాళ్ళను అడిగారా?"

"అడగలేదనుకో. కానీ ఇదివరకు ఎప్పుడూ రాబందులు ఈ కొండ ఎక్కలేదు కదా!"

"ఎక్కనివ్వలేదు కాబట్టి ఎక్కలేదన్నా. మీరు వచ్చినవాళ్ళకు పెట్టే పరీక్ష ఏదో ఈ అమ్మాయికీ పెట్టండి. తప్పితే నేనే వెంటబెట్టుకుని తీసుకుపోతాను. నెగ్గితే మాత్రం తీసుకోవాలి. కచేరి మాట ఇదే."

భద్రయ్య బుర్ర గోక్కున్నాడు. చివరికి దూరంగా ఉన్న పచ్చిక వైపు చెయ్యి చూపించి, "అక్కడ ఏం కదులుతోంది?" అని అడిగాడు.

"అడవిపంది. పిల్లలు వెనకాల వస్తున్నాయి. ఒకటి కుంటుతోంది" అంది నింగమ్మ.

భద్రయ్య చాలాసేపు కళ్ళు చికిలించి చూశాడు. ఆ తర్వాత, "సరే, రేపటి నుంచి రా" అన్నాడు.

నింగమ్మ కాపలాలో చేరింది. చేరింది గానీ, మొదట్లో కష్టంగానే గడిచింది. తోటి కాపలాదారు గద్ద కేశవులు రాతికి అటువైపు వెళ్ళి కూర్చునేవాడు. రాతి గుంటలో నీళ్ళు నిలిచే దొన దగ్గరికి ఆమె వస్తే మిగతావాళ్ళు లేచిపోయేవాళ్ళు. ఈ సంగతి తెలిసి ఓబులమ్మ ఆ ఎండలో మళ్ళీ కొండెక్కింది. ఎవర్నీ ఏమీ అనలేదు. నింగమ్మ తాగిన దొనలోనే మూతి పెట్టి తృప్తిగా నీళ్ళు తాగింది. తర్వాత కేశవుల్ని పిలిచి, "దాహంగా లేదా నాయనా?" అంది. కేశవులు సిగ్గుపడి వచ్చి తాగాడు. ఆ రోజు నుంచి దొన దగ్గర గొడవ లేకుండా పోయింది.

ఇక అంతా బాగుందనుకుంటుండగా ఓ మధ్యాహ్నం తూర్పు కోన మీద తెల్లగా ఏదో లేచింది. నింగమ్మ ఒక్క గెంతులో దుంగ మీద వాలి ముక్కుతో దబదబా కొట్టింది.

అడవంతా హడలిపోయింది. ఏనుగులు ఘీంకరించాయి, లేళ్ళు చెంగుచెంగున దూకాయి, పిల్లలున్నవాళ్ళు పిల్లల్ని నోట కరుచుకుని పరుగో పరుగు. ఆ తొక్కిసలాటలో ఒక దుప్పిపిల్ల వాగు గట్టు మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది.

తీరా చూస్తే అది పొగ కాదు. సుడిగాలికి లేచిన దుమ్ము!

ఇంకేముంది? సాయంత్రానికల్లా జంతువులన్నీ కచేరి ముందు పోగయ్యాయి.

"రాబందుల బుద్ధే అంత! ఎప్పుడు ఎవరు చస్తారా అని చూస్తుంటాయి!" అంది ఒక నక్క.

"ఆ జాతిని కొండ ఎక్కించమని ఎవరు చెప్పారు?" అంది ఓ అడవిదున్న.

దుప్పిపిల్ల తల్లి ఏడుస్తూ, "నా బిడ్డ కాలు పోయిందమ్మా ఓబులమ్మా! నీ కచేరి వల్లే పోయింది!" అంది.

"దాన్ని తీసెయ్యండి! లేకపోతే కచేరినే తీసెయ్యండి!" అని అందరూ ఒక్కసారిగా అరిచారు.

ఆ అరుపులకు ఓబులమ్మ గిర్రున ఉండలా చుట్టుకుపోయింది.

లోపలంతా చీకటి. తన గుండె చప్పుడు తనకే వినిపిస్తోంది. ఆ చప్పుడు మధ్యలో, పొలుసుల అవతల నుంచి నింగమ్మ గొంతు సన్నగా వినిపించింది. "అక్కా, నేనే మానేస్తాను. నా వల్ల మా వాళ్ళందరికీ మాట వచ్చింది. నీక్కూడా వచ్చింది. నేను వెళ్ళిపోతే అందరూ ఊరుకుంటారు. నువ్వేం చెప్పక్కర్లేదు."

నిజమే కదా, అనుకుంది ఓబులమ్మ. తనేం చెయ్యక్కర్లేదు. ఇలాగే ముడుచుకుని ఉంటే చాలు. ఆ పిల్ల తనంతట తనే వెళ్ళిపోతుంది. తగవు తీరిపోతుంది. కచేరీ నిలబడుతుంది. ఎవరికీ ఓబులమ్మ మీద కోపం ఉండదు.

కానీ రేపు ఇంకో పిల్ల వచ్చి గుమ్మం అవతల నిలబడితే? దాన్ని లోపలికి రమ్మని ఏ మొహంతో పిలవాలి?

ఓబులమ్మ మెల్లగా విప్పుకుంది. అందరి ముందుకూ వచ్చి నిలబడింది.

ముందు దుప్పి తల్లి దగ్గరికి వెళ్ళింది. "నీ బిడ్డకు దెబ్బ తగిలింది. అది చిన్న విషయం కాదమ్మా. కాలు నయమయ్యేదాకా మేత, నీళ్ళు నేను చూసుకుంటాను" అంది. ఆ తర్వాత భద్రయ్య వైపు తిరిగింది.

"అన్నా, ఒక్కటే అడుగుతాను. ఇదివరకు కాపలాలో ఇలాంటి పొరపాటు ఎవరూ చెయ్యలేదా?"

భద్రయ్య తలొంచుకున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. నాకు గుర్తులేదని అనేయవచ్చు. కానీ ఆయన నిజాయితీపరుడు.

"చేశారమ్మా. పోయిన ఏడు మన కేశవులు తెల్లవారుజాము మంచును చూసి పొగ అనుకున్నాడు. అప్పుడూ ఇలాగే పరుగులు తీశాం. ఓ కుందేలుకు దెబ్బ కూడా తగిలింది."

"అప్పుడు మీరేం చేశారు?"

"గట్టిగా చీవాట్లు పెట్టాను. మంచుకూ పొగకూ తేడా ఏమిటో దగ్గర కూర్చోబెట్టి నేర్పించాను. తర్వాత మళ్ళీ కాపలాకు పెట్టుకున్నాను."

"గద్దలెవరూ కొండ ఎక్కకూడదని ఎవరైనా అన్నారా?"

గద్ద కేశవులు చెట్టు మీద నుంచి దిగి వచ్చాడు.

"ఎవరూ అనలేదు. 'కేశవులు తప్పు చేశాడు' అని నన్నొక్కణ్ణే అన్నారు, అంతే" అన్నాడు.

"నింగమ్మది కూడా తప్పే. కాదని నేను అనడం లేదు. కేశవులుకు పెట్టిన చీవాట్లే నింగమ్మకూ పెట్టండి. కేశవులుకు నేర్పినట్టే నింగమ్మకూ నేర్పండి. అంతకంటే ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. అలా వీల్లేదంటే కచేరికి తాళం వేసెయ్యండి. పేరుకు ఉంచుకుని ప్రయోజనం లేదు" అంది ఓబులమ్మ.

భద్రయ్య నింగమ్మ దగ్గరికి నడిచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"బుద్ధుందా నీకు? రెండోసారి చూసుకోకుండా దుంగ కొడతావా? దుమ్మయితే గిరగిరా తిరుగుతూ వచ్చిన దారినే పోతుంది. పొగయితే లేచినచోటే ఉండి పైకి పోయి పరుచుకుంటుంది. పొద్దున్నే రా, చూపిస్తా. ఆలస్యం చేశావంటే ఊరుకోను!"

అన్నీ తిట్లే. అయినా వింటుంటే నింగమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది మిగతా కాపలావాళ్ళతో మాట్లాడినట్టే తనతోనూ మాట్లాడిన మాట.

అందరికీ ఈ తీర్పు నచ్చిందని చెప్పను పిల్లలూ. కొందరు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. అడవిదున్న ఆ ఎండాకాలమంతా ఓబులమ్మతో మాట్లాడలేదు. దుప్పి తల్లి కోపం కూడా వెంటనే పోలేదు. నింగమ్మ రోజూ కాపలా దిగాక లేత కొమ్మలు తెచ్చి ఆమె ముందు పెట్టి, "తప్పయిపోయింది పిన్నీ" అని వెళ్ళేది. ఆమె మొహం తిప్పుకునేది. పిల్ల మాత్రం ఆకులు తినేది. కాలు కుదురుకుని అది నాలుగడుగులు వేసిన రోజున తల్లి, "ఎండలో ఎందుకే, కాసేపు నీడన కూర్చుని వెళ్ళు" అంది.

ఎండలు బాగా ముదిరాక ఒక రోజు పడమటి కోనలో నిజంగానే నిప్పు లేచింది. కొండ మీద దుంగ మోగింది. జంతువులన్నీ సర్దుకుని, ముసలివాళ్ళనూ పిల్లల్నీ ముందు దాటించి వాగు అవతలికి చేరాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మంటలు గట్టుదాకా వచ్చి ఆరిపోయాయి.

ఒడ్డున అందరూ ఊపిరి పీల్చుకుంటున్నారు. ఓబులమ్మ కూడా రొప్పుతూ కూర్చుంది. ఎవరిదో బుజ్జి కుందేలు పిల్ల వాళ్ళమ్మను అడిగింది. "అమ్మా, దుంగ ఎవరు కొట్టారు?"

"కాపలావాళ్ళు కొట్టారమ్మా" అంది తల్లి, పిల్ల ఒంటి మీద మసి తుడుస్తూ.

గద్ద అనలేదు. రాబందు అనలేదు. కాపలావాళ్ళు అంది. ఆ మాట విని ఓబులమ్మ నవ్వుకుని, వాగులో కాళ్ళు చల్లబరుచుకుంది.

నీతి: ఒకరు చేసిన తప్పు ఆ ఒక్కరిదే, వాళ్ళ జాతి మొత్తానిది కాదు. అందరికీ సమానంగా అవకాశం ఇవ్వడమంటే పని ఇవ్వడమే కాదు, పొరపాటు చేసినప్పుడు దిద్దుకునే వీలు కూడా సమానంగా ఇవ్వాలి.