సోమవారం గ్లాసు

ఝాన్సీకి నాలుగు రోజులుగా కుదురు లేదు. లంబసింగి చలికి లోకమంతా దుప్పట్లు కప్పుకుని మూలకి ముడుచుకుంటే, ఆ పిల్ల మాత్రం రిసార్టు బారులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. తుడిచిన గ్లాసే మళ్లీ తుడుస్తుంది. మూత పెట్టిన డబ్బా తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెడుతుంది. కూర్చోమంటే కూర్చుంటుంది గానీ కుర్చీ వేడెక్కేలోపే లేచిపోతుంది.

సంగతేమిటంటే, శనివారం రిసార్టు ఓనరు విశాఖపట్నం నుంచి పన్నెండు మంది స్నేహితుల్ని వెంటేసుకుని వస్తున్నాడు. చలిమంట దగ్గర వాళ్లకి వేడివేడిగా ఇవ్వడానికి మసాలా టీలో విస్కీ కలిపి ఏదైనా కొత్తగా చెయ్యమన్నాడు. అందరికీ నచ్చితే ఈ బారు ఝాన్సీదేనట. నచ్చకపోతే విశాఖలో తనకి తెలిసిన కుర్రాడొకడు ఉన్నాడు, సోమవారానికల్లా వాణ్ణి దింపుతాడట. అసలు ఆడపిల్లని బారు వెనకాల నిలబెట్టడమే ఆ పెద్దమనిషికి మొదటినుంచీ మింగుడుపడలేదు.

ఝాన్సీది అనకాపల్లి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, బారులో పని చేస్తానని ఇంట్లో చెప్పినప్పుడు వాళ్ల నాన్న మూడు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు ఉద్యోగం పోగొట్టుకుని ఆ గడప ఎక్కాలంటే, అనేవాళ్లు అనకపోయినా తనకే తల ఎత్తబుద్ధి కాదు.

ఆమెకి పని నేర్పుతున్నది గవరయ్య మాష్టారు. విశాఖలో ఒక పాత క్లబ్బులో ముప్పై ఎనిమిదేళ్లు బారు నడిపి రిటైరైన మనిషి. ఈ బారుని కాళ్ల మీద నిలబెట్టి వెళ్లమని ఓనరు బతిమాలితే, ఈ ఒక్క చలికాలానికి ఒప్పుకుని కొండెక్కాడు. వింత ఏమిటంటే, అన్నేళ్లలో ఆయన ఒక్క చుక్క నోట్లో పెట్టుకోలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, సొంత అత్తగారు కూడా చాలాకాలం నమ్మలేదట.

ఝాన్సీకి గుచ్చుకున్నది అక్కడే. మందు ముట్టనివాడికి మందు రుచి ఏం తెలుస్తుందని ఆమె బాధ. తన నాలుక మీద ఆమెకి అంతులేని నమ్మకం. కాలేజీలో కళ్లకి గంతలు కట్టి ఏడు రకాల విస్కీ ఇస్తే, ఏడింటికీ పేర్లు పెట్టి చెప్పింది మరి.

సోమవారం సాయంత్రం మొదటి గ్లాసు చేసింది. టీపొడి, దంచిన అల్లం, రెండు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క, కాస్త బెల్లం. మరిగాక పొయ్యి ఆపేసి, వడగట్టి, చివర్లో విస్కీ పోసింది. గ్లాసు తీసుకెళ్లి మాష్టారి ముందు పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది.

మాష్టారు తాగడు కదా. వాసన చూశాడు. అప్పుడే డ్యూటీ దిగి, గేటు దగ్గరనుంచి వణుక్కుంటూ వచ్చిన వాచ్‌మన్ భీమన్నని పిలిచి ఆ గ్లాసు అతని చేతిలో పెట్టాడు. భీమన్న తాగేదాకా ఊరుకున్నాడు. తర్వాత జేబులోంచి చీటీ తీసి ఏదో రాసుకున్నాడు.

"బానే ఉంది," అన్నాడు.

బానే ఉంది! ఇంకేం లేదు. పక్కింటావిడ కూర గురించి అనే మాట అది. ఆ రాత్రి ఝాన్సీకి నిద్ర పట్టలేదు.

మంగళవారం యాలకులు, అనాసపువ్వు వచ్చి చేరాయి. బుధవారం జాపత్రి, నారింజ తొక్క, చింతపల్లి మిరియాలు. బెల్లం పోయి తేనె వచ్చింది, తేనె పోయి మళ్లీ బెల్లం వచ్చింది. చెయ్యడం, ఒక గుక్క తాగడం, మొహం చిట్లించడం, ఒలకబొయ్యడం. లవంగం ఘాటు అందడం లేదనిపించి నాలుగు చేసింది, నాలుగూ చాల్లేదనిపించి ఆరు చేసింది. గురువారం మధ్యాహ్నానికి గిన్నెలో పదకొండు రకాలు ఉడుకుతున్నాయి. పెళ్లివారి బిర్యానీకైనా అన్ని వెయ్యరు.

భీమన్నకి ఒక గ్లాసు ఇచ్చి చూడమంది. అతను ఒక్క గుటక వేసి, పాపం, మొహమాటంగా దవడ పట్టుకున్నాడు.

"పిప్పిపన్నుకి పెట్టే మందులా ఉందమ్మా."

ఝాన్సీ ఆ గ్లాసు లాక్కుని తనూ తాగి చూసింది. తనకి లవంగమే తెలియడం లేదు. నాలుగు రోజులుగా లవంగం నమిలీ నమిలీ నాలుక మొద్దుబారిపోయిందని ఆ క్షణానికీ తట్టలేదు. తప్పంతా మాష్టారిదే అనిపించింది. ఇంత జరుగుతుంటే ఈ మనిషి కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. విసవిసా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మాష్టారూ, తప్పుగా అనుకోకండి. మీరెప్పుడూ నోట్లో పెట్టుకోలేదు. బాగుందో లేదో మీకెలా తెలుస్తుంది?"

మాష్టారికి కోపం రాలేదు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రేపు సాయంత్రం చెప్తానమ్మా. అప్పటిదాకా నువ్వు నాలుక మీద చుక్క పెట్టకు. టీ వద్దు, లవంగం వద్దు. ఒట్టి వేడినీళ్లు తాగు."

"రేపు శుక్రవారం. ఎల్లుండి వాళ్లొచ్చేస్తారు."

"అవునమ్మా," అని మళ్లీ పేపరు అందుకున్నాడు.

శుక్రవారం ఝాన్సీ పడ్డ యాతన పగవాళ్లకి కూడా వద్దు. చేతిలో పని లేదు, నోట్లో రుచి లేదు. బారుకీ వంటగదికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో, వంటమనిషి విసుక్కుని తలుపు దగ్గరికి వేసుకుంది. ఉన్న ఒక్క రోజూ ఈయన చేతులారా పాడుచేస్తున్నాడు. ఎందుకు? ఆ విశాఖ కుర్రాడు ఈయన శిష్యుడేమీ కాదు కదా? అలాంటి పాడు ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది, అయినా అది వదల్లేదు.

అయిదున్నరకి సూర్యుడు కొండ వెనక్కి జారాడు. మాష్టారు పిలిచి, భీమన్న చింతపల్లి దాకా వెళ్లాడు, జీపులు వచ్చే వేళ, కాసేపు గేటు దగ్గర నువ్వు నిలబడు, నేను పిలిచేదాకా రాకు అన్నాడు. బారు నేర్చుకోవడానికొచ్చిన దాన్ని గేటుకి కాపలా పెడుతున్నాడు! ఝాన్సీ ఆ కోపంలో స్వెట్టరు కూడా మరిచిపోయి, గేటు దగ్గరికి నడిచింది.

మొదట్లో గేటుకి ఇటూ అటూ తిరుగుతూ, మాష్టారిని అడగాల్సిన మాటలన్నీ వరసగా కూర్చుకుంది. మంచు కొండ మీదనుంచి దిగి ముందు రోడ్డుని మింగింది, తర్వాత చెట్లని, తర్వాత గేటుని. చెవులు మండాయి. చేతివేళ్లు మడవబోతే మడత పడలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుంది. కూర్చుకున్న మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. గంట గడిచేసరికి అనాసపువ్వూ గుర్తులేదు, ఓనరూ గుర్తులేడు. పళ్లు టకటకమంటుంటే ఒకటే ఆలోచన, ఎవరైనా పిలిస్తే బాగుండును.

చివరికి భీమన్న వచ్చి, మాష్టారు రమ్మంటున్నారమ్మా అన్నాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి మాష్టారు ఒక మందపాటి గ్లాసులోంచి వేడినీళ్లు పారబోస్తున్నాడు. వేడెక్కిన ఆ గ్లాసులో టీ పోసి, మీద విస్కీ పోసి, ఆమె రెండు చేతుల మధ్యా పెట్టాడు.

ఝాన్సీ వెంటనే తాగలేదు. తాగడం తర్వాత, ముందు పట్టుకోవడమే హాయిగా ఉంది. వేళ్లలోకి ప్రాణం వచ్చాక ఒక గుక్క తాగింది. అల్లం గొంతులో పడింది, బెల్లం దాని వెనకాలే వచ్చి సర్దింది, ఆ వెనక సన్నగా లవంగం, అన్నిటికంటే చివర విస్కీ కడుపులో దీపం పెట్టినట్టు వెలిగింది. వాసన చూడలేదు, గ్లాసు తిప్పలేదు, నేర్చుకున్నదేదీ చెయ్యలేదు. సగం అయ్యాక గానీ కళ్లు తెరవలేదు.

"ఏం వేశారు మాష్టారూ ఇందులో?" నాలుగు రోజులుగా తను వెతుకుతున్నది ఇదే, దొరికింది ఈయనకి. ఏడుపొచ్చినంత పనైంది.

మాష్టారు జేబులోంచి నలిగిన చీటీ తీసి కౌంటరు మీద పెట్టాడు. అల్లం, రెండు లవంగాలు, వేలెడు చెక్క, బెల్లం. పొయ్యి ఆపాక విస్కీ. పైన ఆయన వంకర అక్షరాలతో 'సోమవారం, ఝాన్సీ' అని ఉంది.

ఆమె ఆ చీటీని రెండుసార్లు చదివింది.

"ఆవేళ నువ్వు నా మొహం చూస్తున్నావమ్మా," అన్నాడు మాష్టారు. "నేను భీమన్న భుజాలు చూస్తున్నాను."

ఝాన్సీ తన భుజాలకేసి చూసుకుంది. గేటు దగ్గర చెవుల దాకా ఎక్కినవి, ఎప్పుడు దిగాయో తెలియదు.

శనివారం చీకటి పడే వేళకి పన్నెండు మందీ చలిమంట చుట్టూ చేరారు. ఓనరు కుర్చీ వెనక్కి వాల్చి, ఏదీ చూద్దాం నీ పనితనం అన్నట్టు కూర్చున్నాడు. ఝాన్సీ సోమవారం టీయే చేసింది. గ్లాసులు వేడినీళ్లతో కడిగి, పోసి, అందించి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఎవరి మొహాన్నీ చూడలేదు. శాలువాల కింద ఒక్కొక్క జత భుజాలే దిగుతూ వచ్చాయి. ఓనరువి అన్నిటికంటే ఆలస్యంగా దిగాయి. రెండో గ్లాసు అడిగాడు. దాన్ని సగం తాగి, ఫోను తీసి, విశాఖ కుర్రాడికి నువ్వు రానక్కర్లేదురా అని చెప్పాడు. ఝాన్సీకేసి చూసి తలూపాడు కూడా.

గెలిచిన పిల్ల కదా, కాస్త అక్కడే నిలబడి పొగడ్తలు వినాల్సింది. వినలేదు. ఆమె చూపు మంట అవతల, గేటు దగ్గర ఆగింది. వాళ్లని తీసుకొచ్చిన డ్రైవరు వ్యానుకి ఆనుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, భుజాలు చెవుల దాకా ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

లోపలికి వెళ్లి ఇంకో గ్లాసు వేడి చేసింది. విస్కీ కలపని టీ పోసి, బెల్లం ఒక ముక్క ఎక్కువ వేసి, పట్టుకెళ్లింది.

"నాకొద్దమ్మా, బండితో ఘాటీ దిగాలి," అన్నాడతను.

"ఇందులో మందు లేదన్నా. ఒట్టి టీయే."

అతను అనుమానంగానే అందుకుని, రెండు చేతులా పట్టుకున్నాడు. ఝాన్సీ పక్కనే నిలబడింది. అటూ ఇటూ నడవలేదు, ఎలా ఉందని అడగలేదు. అతని భుజాలు దిగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని వెనక్కి తిరిగింది.

మెట్ల మీద గవరయ్య మాష్టారు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి చూస్తున్నాడో.

"బానే ఉంది," అన్నాడు.

ఝాన్సీ ఆ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, తలవంచి, లోపలికి నడిచింది.