వెయ్యి ముద్దల గూడు

అనగనగా ఒక ఎర్రమట్టి ఊళ్ళో సుంకమ్మ అని ఒక కొత్త కోడలు ఉండేది, చిట్టితల్లీ. వాళ్ళ వసారాలో జొన్న విత్తనాలు దాచుకునే మట్టి గాదె ఒకటి ఉండేది. ఆ ఏడు అది కాస్తా పగిలిపోయింది. దాన్ని కట్టిన ముసలమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఎలా కట్టిందో ఎవరికీ తెలీదు.

వానలకింక పన్నెండు రోజులే ఉన్నాయి. విత్తనాలు తడిశాయంటే చేలో చల్లడానికి గింజ మిగలదు. అప్పుడు సుంకమ్మ, నేను కడతానంది.

పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి మనిషెత్తు లేపింది. అది మెల్లగా పొట్ట వేసి కూలిపోయింది. మర్నాడు మట్టిలో గడ్డి కలిపి కట్టింది. అదీ కూలింది. ఆ తర్వాత మట్టి జల్లించి, పేడ కలిపి కట్టింది. అదీ అంతే.

"నీ గాదె కన్నా నా నడుమే నయం కోడలా, వంగినా నిలబడే ఉంది," అంది అత్త.

నాలుగో రోజు సుంకమ్మ మట్టి ముట్టలేదు. చూరు కింద రెండు వానకోయిలలు గూడు కడుతుంటే చూస్తూ కూర్చుంది. వాటికి చేతుల్లేవు, తట్టల్లేవు. ముక్కుతో శనగగింజంత మట్టి ముద్ద తెచ్చి అంటించడం, మళ్ళీ వాగుకు ఎగిరిపోవడం. సుంకమ్మ లెక్కపెట్టింది. నలభై ముద్దలయ్యాక పిట్టలు ఆగిపోయాయి. ఇంకా బోలెడు పొద్దుంది, వాగులో బోలెడు మట్టి ఉంది. అయినా తేలేదు.

మర్నాడూ నలభై. ఆ మర్నాడూ నలభయ్యే. నిన్నటి వరుస ఎండి తెల్లబడితేనే దానిమీద ఇవాళ్టి తడి వరుస. ఇలా ఇరవై అయిదు రోజులు కడితే వెయ్యి ముద్దలు! పిడికెడు లేని పిట్టకు అంత ఓపికా అని సుంకమ్మ అబ్బురపడింది.

అప్పటినుంచి తనూ రోజుకు జానెడు వరుసే వేసింది. ఆరు రోజులకు ఆరు వరుసలయ్యాయి. కావలసినవి ఏడు. ఆ సాయంత్రం ఆకాశం నల్లబడింది. ఆ ఒక్కటీ ఇప్పుడే వేసెయ్యమని అత్త ఒకటే పోరు. సుంకమ్మ చెయ్యి మట్టి దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

"తడి మీద తడి వేస్తే మొత్తం పోతుంది అత్తమ్మా. ఆరనీ."

తెల్లారి చినుకులు పడేలోపు ఆరు వరుసల గాదెలోనే విత్తనాలు పోసి, మూత పెట్టి, మట్టితో మెత్తింది. మిగిలినవి వంటకుండల్లో పోసింది. మూడు రోజులు ఆ ఇంట్లో ఒక్క కుండలోనే అన్నీ వండుకున్నారు.

మూడు రోజులూ కుండపోత వాన. వీధిలో గోడలు కూలిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. నాలుగో రోజు సుంకమ్మ మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గింజలు గలగలమన్నాయి, పొడిగా, వెచ్చగా.

అత్త కూడా చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

కథేమో కంచి దారి పట్టింది,
మా తల్లి కంటికి కునుకు పట్టింది.