నీలాలు గేదె కంప్యూటరు, చిట్టెన్న నక్క పెట్టిన షరతు

కొండ దిగువన వాగు మలుపు తిరిగేచోట అడవి జంతువులకు ఒక అచ్చుగది ఉండేది. శుభలేఖలూ, జాతర కరపత్రాలూ అన్నీ అక్కడే తయారయ్యేవి. గదిని నడిపేది నీలాలు అనే గేదె. ఆమె పని నెమ్మది, కంప్యూటరు పాతది, అందులో ఉన్నది అడవిలో ఇంకెవరూ వాడని ఫ్రీబీఎస్‌డీ అనే, యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్. మిగతా అందరి కంప్యూటర్లలోనూ లినక్స్ ఉండేది. అదీ బాగానే పనిచేసేది, అబద్ధమెందుకు.

చిట్టెన్న అనే నక్కకి ఆ గది మీద కన్ను పడింది. ఒకరోజు వచ్చి గడప మీద చతికిలబడ్డాడు.

"నీలాలక్కా, అందరూ లినక్స్ వాడుతుంటే నీకేంటి ఈ పంతం?"

"పంతమేం లేదు తమ్ముడూ. దీన్ని మొత్తం ఒకేచోట కూర్చి తయారుచేశారు. ఏది ఎక్కడుందో నాకు ఇట్టే దొరుకుతుంది. నా బుర్రకి అది చాలు."

"వైఫై పట్టక తంటాలు పడ్డావటగా?"

"పడ్డాను. చివరికి తీగే పెట్టుకున్నాను. అందులో దాచేదేముంది?"

"నాది చూడు. నెల తిరక్కుండా కొత్త రకం లినక్స్ వేస్తాను. ఒకదాంట్లో తెర మీది కిటికీలు ఊగుతాయి, ఇంకోదాంట్లో మంటలు లేచి మూసుకుంటాయి."

"బాగుంది. మరి వాటిల్లో పనేం చేశావు?"

నక్కకి ఒళ్లు మండింది. తిన్నగా అడవి పెద్ద ఎలుగుబంటి దగ్గరికి పోయాడు.

"పెద్దాయనా, రేపు ఆ గేదక్కకి జ్వరమొస్తే ఆ కంప్యూటరు ముట్టుకునేవాడే లేడు. గది నాకిప్పించండి. కాదంటే పోటీ పెట్టండి."

మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎలుగుబంటి గడ్డం గోక్కుని సరేనన్నాడు. నెమలమ్మ కూతురి పెళ్లి దగ్గరపడింది. ఆ శుభలేఖని ఇద్దరూ అందరి ఎదుటా అచ్చువేయాలి, అదీ ఇద్దరికీ కొత్తదైన ప్రింటరు మీద. ఓడినవాళ్లకి గదితో సంబంధం ఉండదు.

"ఇంకొక్క షరతు," అన్నాడు చిట్టెన్న. "పోటీలో ఇంటర్నెట్ ఉండకూడదు. ఎవరి సత్తా ఎంతో తేలాలిగా." గేదెకి తెలియనిది చెప్పేవాడు అడవిలో లేడు, ఇక నెట్ కూడా లేకపోతే నోరు వెళ్లబెట్టి కూర్చుంటుందని అతగాడి ఎత్తు.

సంగతి నీలాలుకి తెలిసింది. ఆ గది అంటే ఆమెకి ప్రాణం. అయినా కాదనలేదు.

పోటీనాడు తెల్లారగానే నక్క, జనం కళ్లు చెదరాలని, పాతదంతా తుడిచేసి సరికొత్త లినక్స్ వేసుకొచ్చాడు. అందరూ చేరాక ఎలుగుబంటి స్వయంగా నెట్ తీగ పీకేసి, ప్రింటరుని ముందు నీలాలుకి ఇచ్చాడు.

నీలాలు ప్రింటరు తగిలించింది. అది ఉలకలేదు, పలకలేదు. నక్క ఈల వేశాడు. ఆమె నెమరు వేసుకుంటూ ఏదో టైపు చేసి, తెర మీద వచ్చినదాన్ని తీరిగ్గా చదవడం మొదలుపెట్టింది.

"ఏం చదువుతున్నావు గేదక్కా, అవతల పెళ్లి ముంచుకొస్తుంటే?" అంది నెమలమ్మ.

"ఈ ఫ్రీబీఎస్‌డీతోపాటు వచ్చిన పుస్తకమమ్మా. కంప్యూటరులోనే ఉంటుంది. నెట్‌తో పనిలేదు."

చదివినట్టే చేసింది. తెల్లకాగితం బయటికొచ్చింది. జనం గొల్లుమన్నారు. నీలాలు చెవులు ఎర్రబడ్డాయి గానీ, మళ్లీ మొదటినుంచి చదివి, వదిలేసిన ఒక వరస సరిచేసింది. ఈసారి శుభలేఖ వచ్చింది, ముత్యాల్లాంటి అక్షరాలతో. నెమలమ్మ ఆనందం పట్టలేక అక్కడే పురి విప్పబోయి, అది తన వల్ల కాదని గుర్తొచ్చి ఊరుకుంది.

తర్వాత చిట్టెన్న వంతు. తగిలించీ తగిలించగానే ప్రింటరు గిర్రున తిరిగింది. "చూశారా, చదవక్కర్లేదు," అని మీసం దువ్వాడు. కాగితం వచ్చింది. నెమలమ్మ అందుకుని ఎగాదిగా చూసింది.

"పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట ఈ డబ్బాలేంటి నాయనా? మా అమ్మాయి డబ్బాని పెళ్లాడుతోందా?"

శుభలేఖ నిండా ఖాళీ డబ్బాలే. నక్క కాగితం లాక్కుని చూసుకున్నాడు. "పొద్దున్నే వేశాను కదా, తెలుగు అక్షరాలు ఇంకా దించుకోలేదు. ఒక్క క్షణం నెట్ ఇవ్వండి పెద్దాయనా."

"నెట్ వద్దన్నదెవడ్రా?"

"నేనే."

"నిన్నటిదాకా ఉన్న లినక్స్‌లో తెలుగు వచ్చేదా?"

"బ్రహ్మాండంగా వచ్చేది," అన్నాడు నక్క, నేల చూపులు చూస్తూ.

అడవంతా కడుపుబ్బా నవ్వింది. నీలాలు కూడా ఆపుకోలేకపోయింది. ఆ రోజు ఆమెకున్నంత సంతోషం పెళ్లికూతురికి కూడా లేదేమో. నవ్వు తగ్గాక చిట్టెన్నని పిలిచి, "రా తమ్ముడూ, ఓడితే ఓడావు. శుభలేఖలు మడతపెట్టు, ఆ పుస్తకం చదవడం నీకూ నేర్పిస్తాను," అంది. తోక ముడుచుకుని మడతలు పెట్టడానికి కూర్చున్నాడు నక్క.

నీతి: నలుగురూ వాడేదా, ఎవరూ వాడనిదా అని కాదు, మనం వాడేది మనకెంత తెలుసన్నదే పని దగ్గర తేలుతుంది.